మోడిఫై చేసిన టర్బో కారును కాలిఫోర్నియాలో అమ్మాలా? ప్రకటన కంటే ముందు స్మాగ్ చెక్

మా బాబాయి కొడుకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాడు. ఈమధ్య ఒకరోజు ఇక్కడ మాకు తెల్లవారకముందే ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయిందట. ఇంట్లో సామాను ఏం చేయాలి, పిల్లల స్కూలు సంగతేమిటి అని మేం అడుగుతుంటే వాడి దిగులంతా గ్యారేజీలో ఉన్న కారు మీదే. 1991 మోడల్ నిస్సాన్ 300జెడ్ఎక్స్ ట్విన్ టర్బో. రెండు డోర్లు, 3 లీటర్ల వీ6 ఇంజిన్, రెండు టర్బోలు, కంపెనీ లెక్క ప్రకారమే 300 హార్స్‌పవర్. దాని మీద మావాడు నాలుగేళ్ల పాటు బోనస్ డబ్బులన్నీ పోశాడు. ‘‘అన్నా, ప్రకటన పెట్టిన గంటలో పది మెసేజ్‌లు వచ్చాయి. స్మాగ్ ఉందా అని అడిగి అందరూ మాయమైపోతున్నారు’’ అన్నాడు.

బే ఏరియా, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల మన తెలుగు కుర్రాళ్లలో ఈ సరదా ఉన్నవాళ్లు తక్కువేం కాదు. సూప్రా, ఆర్‌ఎక్స్-7, 300జెడ్ఎక్స్, ఎక్లిప్స్, కొత్త నిస్సాన్ జెడ్.. ఏదో ఒక జపాన్ టర్బో కారు కొనడం, దాని పవర్ పెంచుకోవడం. కొనేటప్పుడు, మార్చేటప్పుడు ఎవరూ రూల్స్ అడగరు. అమ్మే రోజు వచ్చేసరికి అన్నీ ఒక్కసారే ఎదురొస్తాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకైతే ఉద్యోగం పోయాక దేశంలో ఉండేందుకు దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 గడువు అంతకంటే ముందే ముగిస్తే అదీ ఉండదు. ఆ రెండు నెలల్లోనే కారు వదిలించుకోవాలి.

షిప్‌లో ఇంటికి తెచ్చుకోవచ్చా?

చాలామంది ముందు అడిగే ప్రశ్న ఇదే. సమాధానం సూటిగా చెప్పాలంటే, కుదరదు. భారత్‌కు తెచ్చే సెకండ్‌హ్యాండ్ కారు తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అమెరికాలో అమ్మిన కార్లకు స్టీరింగ్ ఎడమవైపే కాబట్టి కస్టమ్స్ సుంకం ఎంతో లెక్కేసుకోవాల్సిన పని కూడా లేదు. కారును అక్కడే అమ్మాలి.

స్మాగ్ బాధ్యత ఎవరిది?

స్మాగ్ చెక్ అంటే మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ లాంటిదే. పోలిక అంతవరకే. మన దగ్గర పెట్రోలు బంకు పక్కన వ్యాన్‌లో రెండు నిమిషాల్లో చేతికొచ్చే కాగితంలా ఉండదు.

కాలిఫోర్నియాలో ఒక వ్యక్తి మరో వ్యక్తికి కారు అమ్మితే, చెల్లుబాటయ్యే స్మాగ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన బాధ్యత చట్టప్రకారం అమ్మేవాడిది. సర్టిఫికెట్ జారీ అయిన రోజు నుంచి 90 రోజులు పనికొస్తుంది. 1975, అంతకుముందు మోడల్ పెట్రోలు కార్లకు మినహాయింపు ఉంది. ఎలక్ట్రిక్ కార్లకూ అంతే. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల మధ్య బదిలీ అయితే సాధారణంగా అడగరు. నాలుగు మోడల్ సంవత్సరాల లోపు కార్లకు కొన్నవాళ్లు చిన్న ఫీజు కడితే సరిపోతుంది.

ఈ చివరి మినహాయింపు దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. కొత్త కారుకు మొదటి 8 మోడల్ సంవత్సరాల వరకు, రెండేళ్లకోసారి జరిగే మామూలు స్మాగ్ పరీక్ష ఉండదు. దానికి బదులు ఏటా ఫీజు కడతారు. యజమాని మారితే మాత్రం మినహాయింపు నాలుగేళ్లకే అయిపోతుంది. 2020 మోడల్ జీఆర్ సూప్రానే తీసుకోండి. (పేరు జపాన్‌ది, ఇంజిన్ బీఎండబ్ల్యూది, తయారైంది ఆస్ట్రియాలో. అది వేరే కథ.) మొదటి యజమాని దాన్ని ఎన్నడూ స్మాగ్ స్టేషన్‌కు తీసుకెళ్లి ఉండడు. కొన్న మొదటి ఏడాదే ట్యూన్ చేయించి, డౌన్‌పైప్ మార్చి హాయిగా తిరుగుతుంటాడు. ఆ కారు జీవితంలో మొదటి స్మాగ్ పరీక్ష అమ్మకం రోజునే వస్తుంది.

‘‘కొనేవాళ్లే స్మాగ్ చేయించుకోవాలి’’, ‘‘ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం’’ అని ప్రకటనల్లో రాసేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అలా రాసినంత మాత్రాన బాధ్యత చేతులు మారదు. కొన్నవాళ్లు డీఎంవీకి (మన ఆర్టీఏ కార్యాలయం లాంటిది) వెళ్లి, స్మాగ్ లేక రిజిస్ట్రేషన్ ఆగిపోతే, ఖర్చుల కోసం అమ్మినవాళ్ల మీద స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడ ఒక వ్యక్తి 12,500 డాలర్ల వరకు అడగవచ్చు, లాయరు అక్కర్లేదు. మీరు అప్పటికి హైదరాబాద్‌లో ఉంటే కోర్టులో మీ వైపు మాట్లాడే మనిషే ఉండడు.

పరీక్షలో ఏం చూస్తారు?

ఇక్కడ కార్లు రెండు రకాలుగా విడిపోతాయి. 1999, అంతకుముందు మోడల్ పెట్రోలు కార్లకు పాత పద్ధతి. బే ఏరియా లాంటి చోట్ల కారు చక్రాలను రోలర్ల మీద పెట్టి గంటకు 15, 25 మైళ్ల వేగాల్లో నడిపిస్తూ సైలెన్సర్ నుంచి వచ్చే పొగలో హైడ్రోకార్బన్లు, కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ ఎంతుందో కొలుస్తారు. 2000, ఆ తర్వాతి మోడళ్లకు కారు కంప్యూటర్‌కే కేబుల్ పెట్టి చదువుతారు.

పొగ లెక్క ఒక్కటే చూస్తారనుకుంటే పొరపాటు. రెండు రకాల కార్లకూ కంటితో చూసే తనిఖీ ఉంటుంది. బానెట్ తెరిచి, కంపెనీ బిగించిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ ఉన్నాయా, తీసేశారా, మార్చారా అని చూస్తారు. మోడిఫై చేసిన టర్బో కార్లు ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. పొగ పరీక్షలో అంకెలన్నీ బాగున్నా ఒక్క గొట్టం లేకపోతే ఫెయిలే.

మావాడి కారే చూడండి. వెనక గొట్టంలో ఉండాల్సిన క్యాటలిటిక్ కన్వర్టర్ల స్థానంలో ఖాళీ పైపులు. టర్బో కార్ల వాళ్లు చేసే మొదటి పని ఇదే. పొగ బయటికి వెళ్లే దారిలో అడ్డు తగ్గితే టర్బో త్వరగా తిరుగుతుందని లెక్క. ఈజీఆర్ వ్యవస్థ మొత్తం పీకేశాడు, ఇంజిన్ దగ్గర పని చేసుకోవడానికి చోటు దొరుకుతుందని. రెండు వైపులా కొత్త ఎయిర్ ఫిల్టర్లు. పెద్ద ఇంజెక్టర్లు. కంప్యూటర్‌లో వేరే చిప్. వీటిలో ఏ ఒక్కదానికీ అనుమతి లేదు.

అనుమతి అంటే ఏమిటి? కాలిఫోర్నియా గాలి నాణ్యత బోర్డు (కార్బ్ అంటారు) పరీక్షించి, ఇది పొగను పెంచదు అని ఒప్పుకున్న బయటి కంపెనీల భాగాలకు ఒక ఉత్తర్వు నంబరు ఇస్తుంది. వాడుకలో ‘ఈవో నంబర్’ అంటారు. భాగంతో పాటు వచ్చే స్టిక్కర్ మీద ఆ నంబర్ ఉంటుంది. స్టిక్కర్‌ను బానెట్ కింద కనిపించేలా అతికించాలి. ఆ నంబర్ మీ కారు మోడల్‌కు, ఏడాదికి, ఇంజిన్‌కు సరిపోవాలి. ఎయిర్ ఇన్‌టేక్ నుంచి టర్బో దాకా, ఈసీయూ ట్యూన్ దాకా ఇదే నియమం. ‘‘రోడ్డు మీద కాదు, రేస్ ట్రాక్ మీదే వాడాలి’’ అని డబ్బా మీద సన్న అక్షరాల్లో రాసి అమ్మే భాగాలకు ఈ నంబర్ ఉండదు. కొనేటప్పుడు ఆ సన్న అక్షరాలు చదివేదెవరు?

కొత్త కార్ల వాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 2021 జులై 19 నుంచి స్మాగ్ పరీక్షలో కారు సాఫ్ట్‌వేర్‌ను కూడా చూస్తున్నారు. కంపెనీ సాఫ్ట్‌వేర్ కాకుండా, ఈవో నంబర్ లేని ట్యూన్ ఉంటే కారు ఫెయిల్. సరే, ముందురోజు రాత్రి మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పోలా అని కొందరు ప్రయత్నిస్తారు. సాఫ్ట్‌వేర్ మార్చినా, బ్యాటరీ తీసి పెట్టినా కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు చాలా కార్లలో సున్నాకు వెళ్లిపోతాయి. అవి పూర్తయ్యేదాకా పరీక్షలో పాస్ కాదు. కొన్ని రోజులు చల్లని ఇంజిన్‌తో స్టార్ట్ చేసి, హైవే మీద, సిటీలో నడపాలి. 60 రోజుల లెక్కలో ఈ వారాన్ని కూడా కలుపుకోండి.

అన్ని మార్పులూ నేరం కాదు. చక్రాలు, సస్పెన్షన్, సీట్లు, బాడీ కిట్ లాంటివి స్మాగ్ పరీక్షలోకి రావు. క్యాటలిటిక్ కన్వర్టర్ల తర్వాత ఉండే ఎగ్జాస్ట్ భాగానికి ఈవో అక్కర్లేదు, చప్పుడు మాత్రం 95 డెసిబెల్స్ దాటకూడదు.

ఫెయిలైతే దారేమిటి?

అసలు పరీక్షకు వెళ్లే ముందు స్టేషన్‌లో ‘ప్రీ-టెస్ట్’ చేయమని అడగండి. ఆ ఫలితం డీఎంవీకి వెళ్లదు. ఎక్కడ తేడా ఉందో మీకు తెలుస్తుంది.

తీసేసిన ఒరిజినల్ భాగాలు గ్యారేజీ మూల దాచిపెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు. మెకానిక్ కూలితో పని అయిపోతుంది. పారేసిన వాళ్లకే అసలు ఖర్చు. క్యాటలిటిక్ కన్వర్టర్లు మళ్లీ కొనాలంటే, మీ మోడల్‌కు కార్బ్ ఆమోదించినవే కొనాలి. మిగతా రాష్ట్రాల్లో అమ్మే వాటికంటే వీటి ధర చాలా ఎక్కువ. వేరే కారు నుంచి తీసిన పాత కన్వర్టర్ బిగించడం కాలిఫోర్నియాలో చట్టవిరుద్ధం. దొంగతనాల సంగతి సరేసరి. ముప్పై ఏళ్ల పాత కారుకు ఈజీఆర్ పైపులు, వాల్వ్‌లు వెతకడం కూడా ఒక ప్రహసనమే. యజమానుల బృందాల్లో, పాత కార్ల యార్డుల్లో ఒక్కో ముక్క దొరకబుచ్చుకోవాలి.

పాస్ అయ్యాక మళ్లీ పాత పైపులు బిగించి అమ్మేవాళ్లూ ఉన్నారు. మీ చేతిలో కాగితం ఉంటుంది, కారు మాత్రం ఆ కాగితంలో ఉన్న కారు కాదు. కొన్నవాడికి రెండేళ్లలో విషయం తెలిసిపోతుంది. ఆ పని చేయకండి. తీసిన భాగాలను విడిగా పెట్టెలో పెట్టి ఇచ్చేయొచ్చు కదా అని అడుగుతారేమో. ఈవో లేని భాగాలను రోడ్డు కారు కోసం అమ్మడం కూడా రాష్ట్ర చట్టం కింద తప్పే. కాలుష్య పరికరాలను తొలగించడం ఫెడరల్ క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం దేశమంతటా నిషేధం కూడా.

సమయం లేదు, డబ్బు లేదు అన్నప్పుడు లైసెన్స్ ఉన్న డీలర్‌కు అమ్మడం ఒక దారి. డీలర్ మళ్లీ ఎవరికైనా అమ్మాలంటే స్మాగ్ చేయించాల్సిన పని తనదే. దానికి తగ్గట్టే ధర కోసేస్తాడు. ఆన్‌లైన్‌లో పాత కార్లు కొనే పెద్ద సంస్థలు భారీగా మార్చిన కార్లకు మొహం తిప్పేసుకోవడం మామూలే. ఇలాంటి కార్లే కొనే చిన్న డీలర్లను వెతుక్కోవాలి. ఇంకో దారి, వేరే రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకునే వ్యక్తికి అమ్మడం. అక్కడ ఏం పరీక్ష ఉంటుందన్నది ఆ రాష్ట్రం నియమాన్ని బట్టి ఉంటుంది. అప్పుడు కూడా కారు ఏ స్థితిలో ఉందో, ఏమేం తీసేశారో బిల్లు మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి.

ఇంజిన్ మార్చి ఉంటే?

ఇంజిన్ మార్చిన కారుకు మామూలు స్మాగ్ స్టేషన్ చాలదు. ‘స్మాగ్ చెక్ రెఫరీ’ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. నియమం సూత్రప్రాయంగా చిన్నదే. పెట్టిన ఇంజిన్ కారు మోడల్ ఏడాదిది గానీ, అంతకంటే కొత్తది గానీ అయి ఉండాలి. ఆ ఇంజిన్‌తో వచ్చిన కాలుష్య నియంత్రణ పరికరాలన్నీ దాని వెంట ఉండాలి. అన్నీ సరిగా ఉంటే రెఫరీ కారుకు ఒక లేబుల్ అతికిస్తారు. ఆ లేబుల్ ఉన్న కారుకు కొనేవాళ్లు గౌరవం ఇస్తారు, లేనిదానికి బేరం మొదలే కాదు. అపాయింట్‌మెంట్‌కు ఎదురుచూడాల్సి వస్తుంది కాబట్టి మొదటి వారంలోనే ఫోన్ చేయండి.

జపాన్ నుంచి నేరుగా తెచ్చిన కుడి స్టీరింగ్ కార్ల సంగతి మరీ కష్టం. తయారై 25 ఏళ్లు దాటితే అమెరికా ఫెడరల్ భద్రతా నిబంధనలు అడ్డురావు. అందుకే 1999 జనవరిలో తయారైన స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్‌లు 2024 జనవరి నుంచి అక్కడికి రావడం మొదలైంది. కానీ కాలిఫోర్నియా మినహాయింపు 1975 దగ్గరే ఆగిపోయింది కదా. 25 ఏళ్లు దాటిన జపాన్ కారైనా ఇక్కడ రిజిస్టర్ కావాలంటే కాలుష్య పరికరాలు మార్పించి, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. వేరే రాష్ట్రం నంబర్ ప్లేటుతో బే ఏరియాలో తిరుగుతున్న స్కైలైన్‌ను ‘‘చవగ్గా వస్తోంది’’ అని కొని, ఇప్పుడు అమ్మలేక చూస్తున్నవాళ్లు మీలో ఉంటే, స్థానికుడికి అమ్మే ఆశ పెట్టుకోకండి.

ధర దగ్గర ఆశలు

2001లో వచ్చిన తొలి ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’లో వాడిన 1994 నాటి సూప్రా 2021లో వేలంలో 5,50,000 డాలర్లు పలికింది. ఆ వార్త చూసి మన కారుకూ అంత కాకపోయినా బాగానే వస్తుందనుకుంటారు. అది సినిమా కారు. మామూలు మార్కెట్లో తొంభైల నాటి టర్బో కార్లకు మంచి ధర వచ్చేది కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నవాటికి. మార్పుల మీద పెట్టిన డబ్బు తిరిగి రావడం అరుదు. వేరేవాడి అభిరుచితో, వేరేవాడి మెకానిక్ చేతి పనితో ఉన్న ఇంజిన్‌ను చూసి కొనేవాడు భయపడతాడు. అందులో అతని తప్పేం లేదు.

భయం తగ్గించేవి బిల్లులు. ఏ షాపులో, ఎప్పుడు, ఏం చేశారో కాగితాలుంటే బయట పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ తీసి చిన్న స్టీరింగ్ పెట్టి ఉంటే ఆ మాట ముందే చెప్పండి. కారుకు ‘సాల్వేజ్’ ముద్ర ఉంటే, అంటే ఒకసారి బీమా కంపెనీ పనికిరాదని రాసేసిన కారైతే, దాచడం నేరం కిందికి వస్తుంది.

టెస్ట్ డ్రైవ్ కోసం వచ్చేవాళ్లలో సగం మంది కొనడానికి రారు. టర్బో కిక్ చూడ్డానికి వస్తారు. డ్రైవింగ్ లైసెన్స్, బీమా కార్డు ఫొటో తీసుకున్నాకే తాళం ఇవ్వండి, పక్క సీట్లో మీరు కూర్చోండి. డబ్బు విషయంలో క్యాషియర్స్ చెక్ తీసుకుంటే, అది ఇచ్చిన బ్యాంకు శాఖకే ఇద్దరూ కలిసి వెళ్లండి. నకిలీ చెక్కులు బయటపడేసరికి కారు వెళ్లిపోయి ఉంటుంది.

అసలు ప్రమాదం అమ్మిన తర్వాత

మన దగ్గర బండి అమ్మేసి ఏడాదైనా చలానా మెసేజ్ పాత యజమాని ఫోన్‌కు వస్తూనే ఉంటుంది. కన్సల్టెన్సీ వాడు ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని, కొత్త పేరు రాయకుండానే బండిని ఇంకొకరికి, వాళ్లు మరొకరికి ఇచ్చేస్తారు. కాలిఫోర్నియాలోనూ ఇదే ఆట ఉంది. టైటిల్ మీద (దీన్నే ‘పింక్ స్లిప్’ అని కూడా అంటారు) మీ సంతకం తీసుకుని, కొన్నవాడి పేరు ఖాళీగా వదిలేయమంటారు. వదలకండి. తేదీ, పేరు, చిరునామా అన్నీ మీ ముందే నిండాలి. కొట్టివేతలుంటే డీఎంవీ అదనంగా వివరణ ఫారం అడుగుతుంది, కాబట్టి నింపేటప్పుడు నెమ్మదిగా రాయండి.

టైటిల్‌లో ఇద్దరి పేర్లు ఉంటే మధ్యలో ఏముందో చూడండి. ‘ఆండ్’ ఉన్నా, అడ్డగీత ఉన్నా ఇద్దరూ సంతకం పెట్టాలి. ‘ఆర్’ ఉంటే ఒకరు చాలు. భార్యను, పిల్లలను ముందే ఇండియా పంపేసిన వాళ్లకు ఈ ఒక్క పదం పెద్ద తలనొప్పి తెస్తుంది. విమానం ఎక్కించే ముందే టైటిల్ తీసి చూసుకోండి. కారు మీద లోన్ ఉంటే బ్యాంకు కూడా తన హక్కు వదులుకుంటున్నట్టు రాసివ్వాలి. చాలా బ్యాంకుల దగ్గర టైటిల్ ఎలక్ట్రానిక్‌గానే ఉంటుంది. బాకీ కట్టాక కాగితం చేతికి రావడానికి రోజులు పడతాయి.

2011, ఆ తర్వాతి మోడళ్లకు ఎన్ని మైళ్లు తిరిగిందో రాతపూర్వకంగా ఇవ్వడం ఫెడరల్ నియమం. 20 ఏళ్ల వరకు ఇది వర్తిస్తుంది. టైటిల్ మీద ఆ చోటు లేకపోతే ఆర్ఈజీ 262 అనే ఫారం కావాలి. అది ప్రత్యేక భద్రతా కాగితం మీద ముద్రిస్తారు, డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకుంటే చెల్లదు. డీఎంవీ ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆర్ఈజీ 138. కారు చేతులు మారిన 5 రోజుల్లో, ‘నేను అమ్మేశాను, ఇక నా బాధ్యత లేదు’ అని డీఎంవీకి చెప్పే నోటీసు ఇది. ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల పని. కొన్నవాళ్ల పేరు, చిరునామా, తేదీ, మైళ్ల రీడింగ్ ఉంటే చాలు. కొన్నవాళ్లకు తమ పేరు మీదకు మార్చుకోవడానికి 10 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు మార్చుకుంటారో లేదో మీ చేతుల్లో లేదు. ఈ నోటీసు మాత్రం మీ చేతుల్లో ఉంది. ఇది ఇవ్వకపోతే పార్కింగ్ టికెట్లు, టోల్ బాకీలు మీ పేరు మీదే వస్తాయి. వేగంగా వెళ్లే కారు కదా, ప్రమాదం జరిగితే బాధితులు ముందు వెతికేది రికార్డులో ఉన్న యజమానినే. నోటీసు ఇచ్చినట్టు వచ్చే పేజీని ప్రింట్ తీసి, ఫొటో తీసి, మెయిల్‌లో కూడా దాచుకోండి.

ఒక మాట. ఈ నోటీసుతో యాజమాన్యం మారిపోదు. మీ బాధ్యత మాత్రమే తీరుతుంది. కొన్నవాడు టైటిల్ మార్చుకునేదాకా డీఎంవీ రికార్డులో మీ పేరు కనిపిస్తూనే ఉండొచ్చు. కంగారు పడక్కర్లేదు, మీ దగ్గర ఆ ప్రింట్ ఉంటే చాలు.

బీమాను ఎప్పుడు ఆపాలి? కారు ఇచ్చి, నోటీసు పంపిన తర్వాతే. బీమా కంపెనీలు పాలసీ రద్దు సమాచారాన్ని నేరుగా డీఎంవీకి పంపుతాయి. ముందే ఆపేస్తే ఇంకా మీ పేరు మీదున్న కారు రిజిస్ట్రేషన్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. అది తేలేదాకా కొనేవాడు ఆగుతాడా?

కాలిఫోర్నియాలో మామూలు నంబర్ ప్లేట్లు కారుతోనే వెళ్తాయి. అందువల్ల అందరూ మర్చిపోయే పని ఒకటుంది. ఫాస్‌ట్రాక్ టోల్ ఖాతాలో మీ కారు నంబర్ నమోదై ఉంటుంది. టోల్ ట్యాగ్ పీకి జేబులో వేసుకుంటే సరిపోదు, ఖాతాలోంచి నంబర్ కూడా తీసేయాలి. లేకపోతే కొత్త యజమాని బే బ్రిడ్జి దాటినప్పుడల్లా డబ్బు మీ కార్డు నుంచి కట్ అవుతుంది. మీరేమో కూకట్‌పల్లిలో కూర్చుని ఉంటారు. సొంతంగా పేరో, బిరుదో పెట్టి తీసుకున్న ప్రత్యేక ప్లేటు ఉంటే అది మీది, విప్పి తీసుకోండి.

ధర విషయంలో కొన్నవాడు ఒక చిన్న సాయం అడుగుతాడు. ‘‘బిల్లు మీద సగమే రాయండి, నాకు టాక్స్ తగ్గుతుంది’’ అని. డీఎంవీలో పన్ను కట్టేది కొన్నవాడే, అబద్ధపు అంకె కింద సంతకం మాత్రం మీది. వద్దని చెప్పండి. మీరు కొన్న ధర, చేసిన మార్పుల ఖర్చు కలిపినదానికంటే ఎక్కువకు అమ్ముడైతే ఆ లాభాన్ని అమెరికా ఇన్‌కం టాక్స్ రిటర్న్‌లో చూపాలి. నష్టం వస్తే సొంత కారు నష్టాన్ని తగ్గించుకునే వీల్లేదు. ఏకపక్షంగా ఉందనిపిస్తుంది, అయినా రూల్ అదే.

తేదీ దగ్గరపడి, కారు అమ్ముడుపోకుండానే విమానం ఎక్కాల్సి వస్తే నమ్మకమైన స్నేహితుడి పేరు మీద డీఎంవీ పవర్ ఆఫ్ అటార్నీ ఫారం, ఆర్ఈజీ 260, సంతకం పెట్టి ఇవ్వండి. స్కాన్ కాపీ కాదు, అసలు కాగితం. రిజిస్ట్రేషన్ గడువు ముగియబోతుంటే ‘ప్లాన్డ్ నాన్ ఆపరేషన్’ కింద పెట్టించి, కారును ఎవరి ఇంటి గ్యారేజీలోనైనా ఉంచండి. ఆ స్థితిలో ఉన్న కారును రోడ్డు మీద నడపకూడదు, వీధిలో నిలపకూడదు. స్నేహితుడికి ఇది గట్టిగా చెప్పాలి. టర్బో కారు తాళం చేతిలో ఉన్నవాడిని ఆపడం కష్టం.

మావాడి సంగతి చెప్పి ఆపుతాను. ఒరిజినల్ ఈజీఆర్ పైపులు వాడి పాత రూమ్మేట్ స్టోరేజీలో ఒక డబ్బాలో దొరికాయి. కన్వర్టర్లు రెండూ కొత్తవి కొనాల్సి వచ్చింది. ప్రీ-టెస్ట్‌లో రెండుసార్లు నైట్రిక్ ఆక్సైడ్ దగ్గర తప్పింది. మూడోసారి అసలు పరీక్షలో పాస్ అయింది. 43వ రోజున శాక్రమెంటో నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొన్నాడు. తీసేసిన చిప్, ఖాళీ పైపులు ఏం చేశావని అడిగితే తుక్కు కింద వేశానన్నాడు. ఆర్ఈజీ 138 పంపిన ప్రింట్ మాత్రం నాకూ వాట్సాప్‌లో పెట్టాడు, ‘‘నీ దగ్గర కూడా ఒకటి ఉండనీ అన్నా’’ అని.